పాట దొరకలేదా, అసలు లేదా? మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో లోతుగా వెతకడం

మండపేట నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌కి ఒకటే ప్రశ్న. ఒక పాత తెలుగు పాట కోసం మ్యూజిక్ డేటాబేస్‌లో వెతికాం, ‘ఫలితాలు లేవు’ అని వచ్చింది. ఆ పాట అందులో నిజంగా లేదా, లేకపోతే మనం అడిగిన తీరు దానికి అర్థం కాలేదా? చాలామంది మొదటిదే అనుకుని ట్యాబ్ మూసేస్తారు. ఈ తేడా తెలుసుకోవడానికే అడ్వాన్స్‌డ్ సెర్చ్ కావాలి.

ఇది ఎందుకు ఎత్తుకున్నానో చెప్తాను. మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు. చుట్టుపక్కల పెళ్లిళ్లకి, తీర్థాలకి, వినాయక చవితి పందిళ్లకి మైక్ సెట్ నడిపారు. గ్రామఫోను, బాకా, మూడు చెక్క పెట్టెల నిండా రికార్డులు. ఇప్పుడు ఇల్లు మళ్లీ కట్టిస్తున్నారు, సంక్రాంతిలోపు ఆ గది ఖాళీ చెయ్యాలట. వాళ్ల అబ్బాయి నన్నడిగింది ఇదీ: ‘ఇవన్నీ యూట్యూబ్‌లో ఉండేవే కదా, దాచుకుని ఏం లాభం? వేరే ఎక్కడా లేనివి ఏమైనా ఉంటే చెప్పండి, అవి మాత్రం ఉంచుతాం.’

న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు తేలిక కాదు. ఫలానా రికార్డు ‘ఎక్కడా లేదు’ అని నేను తప్పు చెప్తే ఒక పలక అనవసరంగా ఇంట్లో చోటు తింటుంది, అంతే. ‘ఉంది’ అని తప్పు చెప్తే అది పాత సామాన్ల బండిలోకి పోతుంది. పైగా 78 రికార్డు లక్కతో చేసినది, కింద పడితే పెంకులే.

మేం వాడింది ముఖ్యంగా మ్యూజిక్‌బ్రెయిన్జ్. ఇది వికీపీడియా లాంటిదే, ఎవరైనా వివరాలు చేర్చవచ్చు, లాభాపేక్ష లేని మెటాబ్రెయిన్జ్ ఫౌండేషన్ నడుపుతుంది. ఇందులో పాటల ఆడియో ఉండదు, పాటల గురించిన సమాచారం మాత్రమే ఉంటుంది. పక్కన డిస్కాగ్స్ కూడా తెరిచి పెట్టుకున్నాం. అది రికార్డు ప్లేట్లు సేకరించేవాళ్ల లోకం.

వెతికే ముందు, లోపల సరుకు ఎలా సర్దారో తెలియాలి. ఇక్కడే మనవాళ్లు తడబడతారు. మనకి ‘పాట’ అంటే ఒకటే వస్తువు. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో అది మూడు. కవి రాసి, సంగీత దర్శకుడు బాణీ కట్టింది ‘వర్క్’. దాన్ని ఒకరోజు స్టూడియోలో ఒకరు పాడితే ఆ ధ్వని ‘రికార్డింగ్’. ఆ ధ్వని ప్లేటుగానో క్యాసెట్‌గానో సీడీగానో బజారులోకి వస్తే ఆ వస్తువు ‘రిలీజ్’. ఒకే రిలీజ్‌కి ఉన్న రకరకాల రూపాలన్నీ కట్టగడితే ‘రిలీజ్ గ్రూప్’.

‘మాయాబజార్’ తీసుకోండి, 1957 సినిమా. పింగళి గారి ఒక్కో పాటా ఒక్కో వర్క్. సినిమా తెలుగులోనూ తమిళంలోనూ తీశారు కాబట్టి అదే బాణీ మీద తమిళ సాహిత్యం ఇంకో వర్క్ అవుతుంది, ఆ ధ్వని ఇంకో రికార్డింగ్. తెలుగు రికార్డింగ్ ముందు లక్క ప్లేటు మీద, తర్వాత ఎల్‌పీ మీద, క్యాసెట్ మీద, సీడీ మీద, ఇప్పుడు ఫోన్‌లో. ఇవన్నీ వేరువేరు రిలీజ్‌లు. సెర్చ్ పేజీలో కిందికి జారే మెనూలో ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నారన్నదే సగం పని. సినిమా పేరు తీసుకెళ్లి రికార్డింగ్‌లో వెతికితే, పాట పేరులో సినిమా పేరు ఉండదు కదా, అందుకే సున్నా వస్తుంది.

అదే మెనూ దగ్గర సెర్చ్ పద్ధతి అని ఇంకో ఎంపిక ఉంటుంది. మామూలు ఇండెక్స్‌డ్ సెర్చ్, అడ్వాన్స్‌డ్ క్వెరీ సింటాక్స్‌తో ఇండెక్స్‌డ్ సెర్చ్, డైరెక్ట్ డేటాబేస్ సెర్చ్. మనకి కావాల్సింది మధ్యది. ఇండెక్స్ అంటే భయం వద్దు. పాఠ్యపుస్తకం చివర పదాల పట్టిక ఉంటుందే, ఏ పదం ఏ పేజీలో ఉందో, అదే. సెర్చ్ ఇంజిన్ పేర్లన్నిటినీ ముందే పదాలుగా విరిచి పట్టిక వేసుకుంటుంది. మీరు అడిగినప్పుడు పాటలన్నీ చదవదు, పట్టిక చూస్తుంది. ‘పదాలుగా విరిచి’ అన్నాను, అది గుర్తుపెట్టుకోండి. తెలుగుకి అసలు తలనొప్పి అక్కడే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు క్వెరీలు. ఈ రాతప్రతిలో అన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాం. మీరు కొట్టేటప్పుడు ఫీల్డ్ పేర్లు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, అండ్, ఆర్, నాట్, టు మాత్రం పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. చిన్న అక్షరాల్లో కొడితే వాటిని ఆదేశాలుగా కాక మామూలు పదాలుగా చూస్తుంది.

మొదటి ప్రయత్నం ‘దేవదాసు’. ఉత్త పేరు కొడితే ఏమవుతుంది? 1953లో అక్కినేని, సావిత్రిల దేవదాసు ఉంది. 1974లో కృష్ణ గారి దేవదాసు ఉంది, రమేష్ నాయుడు సంగీతం. 2006లో రామ్ మొదటి సినిమా దేవదాసు, చక్రి సంగీతం. 2018లో నాగార్జున, నానిల దేవదాస్. ఇవికాక హిందీ దేవ్‌దాస్‌లు. అన్నీ కలిసి మీద పడతాయి. కాబట్టి రిలీజ్ ఎంచుకుని ఇలా అడుగుతాం:

రిలీజ్:దేవదాసు అండ్ డేట్:[1953 టు 1969]

ఫీల్డ్ పేరు, కోలన్, విలువ. చదరపు బ్రాకెట్ల మధ్య ‘నుంచి, వరకు’. చాలా పాఠాలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ ఈ క్వెరీలో ఒక గోతి ఉంది. డేట్ అనేది ఆ వస్తువు బజారుకొచ్చిన తేదీ, పాట పుట్టిన తేదీ కాదు. 1953 పాటలు ఎప్పుడో సీడీగా వేసి ఉంటే, డేటాబేస్‌లో ఆ సీడీ ఒక్కటే ఎక్కి ఉంటే, మన క్వెరీకి అది చిక్కదు. రికార్డింగ్‌లో ‘ఫస్ట్ రిలీజ్ డేట్’ అని ఒక ఫీల్డ్ ఉంది, దానితో ఈ సమస్య తీరాలి. తీరదు. ఆ తేదీని డేటాబేస్‌లో ఉన్న రిలీజ్‌లలో అతి పాతదాన్నుంచే లెక్క కడతారు. అసలు ప్లేటుని ఎవరూ ఎక్కించకపోతే, 1953 పాట పుట్టినరోజు సీడీ పుట్టినరోజే అవుతుంది. అందుకని పాత తెలుగు పాటలకి తేదీతో వడపోత చివర పెట్టండి, మొదట పెట్టద్దు. ముందు విస్తారంగా పట్టుకుని, తర్వాత అక్కర్లేనిది తియ్యాలి:

రిలీజ్:దేవదాసు నాట్ డేట్:[1974 టు 1974] నాట్ డేట్:[2006 టు 2006]

ఇందులోనూ 1953 పాటలని 2006లో మళ్లీ వేసి ఉంటే అది జారిపోతుంది. అప్పుడు సంవత్సరం బదులు మనిషిని వాడాలి, ‘నాట్ ఆర్టిస్ట్:చక్రి’ అని. నాట్ ఒక్కదాన్నే పెట్టి వెతకద్దు, దాని ముందు కావాల్సింది ఏదో ఒకటి ఉండాలి. అండ్, ఆర్ కలిపి వాడితే కుండలీకరణాలు తప్పనిసరి. లేకపోతే మనం అనుకున్న వరసలో అది అర్థం చేసుకోదు.

భాషకి వడపోత చాలా ఉపయోగం. రిలీజ్‌లో ‘ల్యాంగ్’ అనే ఫీల్డ్‌కి తెలుగు కోడ్ మూడక్షరాలు, టి-ఇ-ఎల్. లిపికి ‘స్క్రిప్ట్’ అని వేరే ఫీల్డ్, కోడ్ నాలుగక్షరాలు, టి-ఇ-ఎల్-యు. ఈ రెండూ ఎందుకు వేరంటే, తెలుగు పాటల పేర్లని చాలాచోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కిస్తారు. అది భాష తెలుగు, లిపి లాటిన్. మాయాబజార్, మిస్సమ్మ, పాతాళభైరవి, ఇవన్నీ తమిళంలోనూ ఉన్నవే. వీటికి ల్యాంగ్ పెట్టకపోతే రెండు భాషలూ కలగాపులగం. ఇక్కడా అదే జాగ్రత్త: భాష నింపకుండా వదిలేసిన ఎంట్రీలు ఉంటాయి, ల్యాంగ్ పెట్టగానే అవి మాయమవుతాయి. ఒకసారి పెట్టి, ఒకసారి తీసి, రెండు సార్లూ చూడాలి.

ఇప్పుడు ఆర్టిస్ట్. ఈ డేటాబేస్‌లు పుట్టింది పాశ్చాత్య సంగీతం చుట్టూ. డిస్కాగ్స్ అయితే 2000లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ కోసమే మొదలైంది. అక్కడ పాడేవాడే ఆర్టిస్ట్, ఆల్బమ్ ఆయనదే. మన సినిమా పాటకి ఆర్టిస్ట్ ఎవరు? పాడినవాళ్లా, సంగీత దర్శకుడా? సినిమా ఆల్బమ్ మీద ఆర్టిస్ట్‌గా చాలాసార్లు సంగీత దర్శకుడి పేరుంటుంది, పాట మీద గాయకుల పేర్లుంటాయి. ఘంటసాల గారు రెండూను! రికార్డింగ్‌లో ‘ఆర్టిస్ట్:ఘంటసాల’ అంటే పాడినవి రావాలి, రిలీజ్‌లో అంటే ఆయన స్వరపరిచిన సినిమాలు రావాలి. ఆచరణలో ఎంట్రీ వేసినవాళ్ల అలవాటుని బట్టి అటూ ఇటూ అవుతాయి. బాణీ ఎవరిదో కచ్చితంగా కావాలంటే వర్క్‌లో వెతకాలి. అక్కడ ఆర్టిస్ట్ ఫీల్డ్‌కి ఆ వర్క్‌తో ముడిపడిన కవి, స్వరకర్త దొరుకుతారు. ‘ఆర్టిస్ట్:పింగళి’ అని వర్క్‌లో అడిగితే ఆయన రాసినవి. లేబుల్ మీద పేరుకీ బాణీ వెనక పేరుకీ తేడా ఉండే సందర్భాలు మనకి ఉన్నాయి. దేవదాసు సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా పూర్తికాకముందే 1952లో పోయారు, మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి చేశారు. మాయాబజార్‌కి కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారు కట్టాక ఘంటసాల గారు అందుకున్నారు. ఇలాంటివి పట్టుకోగలిగేది వర్క్ దగ్గరే, రిలీజ్ దగ్గర కాదు.

హీరో పేరుతో మాత్రం వెతక్కండి. ‘నాగేశ్వరరావు పాటలు’ అనే మాట ఈ డేటాబేస్‌కి అర్థం లేనిది, నటుడికి అందులో గడి లేదు.

ఇది మన పెద్దాయనతో అంటే ఆయన నవ్వారు. తన నోటు పుస్తకం తీశారు. అట్ట ఊడిపోయిన పొడుగు రిజిస్టరు. అందులో ఒక్కో ప్లేటుకి ఆయన సొంత నంబరు, పెట్టె నంబరు, పల్లవి మొదటి మాటలు, సినిమా, హీరో, ఆ పక్కన ‘పెళ్లి’, ‘వ్రతం’, ‘తెల్లారగట్ల’ అని సందర్భం. ‘పెళ్లివారు సినిమా పేరు చెప్పరు బాబూ. ఆ నాగేస్రావు పడవ మీద పాడతాడు చూడు, అదెయ్యి అంటారు. రెండు నిమిషాల్లో ముల్లు పెట్టాలి’ అన్నారు. అంటే ఈయన పట్టికలో హీరో ఉన్నాడు, పడవ ఉంది. నేను చదువుకున్న డేటాబేస్ పాఠాల్లో స్కీమా అడిగే ప్రశ్నలని బట్టి ఉండాలి అని చెప్తారు. ఆ మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు క్లాసులో దొరకలేదు.

సరే, ఇప్పుడు అసలు తలనొప్పి. స్పెల్లింగు.

బాలు గారి పేరు ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో చూడండి. బ్రహ్మణ్యంలో హెచ్ ఉన్నది, లేనిది, వై ఉన్నది, దాని బదులు ఐ ఉన్నది. సుశీల గారికి హెచ్ ఉంటుంది, ఉండదు. ఘంటసాలకి కూడా అంతే. దీనికి మందు టిల్డే గుర్తు, కీబోర్డు మీద ఎడమ పక్క పైన ఉండే చిన్న అల. పదం చివర అది పెడితే ‘ఇలాంటిది’ అని అర్థం. పక్కన 1 అంటే ఒక అక్షరం తేడా, 2 అంటే రెండు. అక్షరం చేర్చడం, తీసెయ్యడం, మార్చడం, ఏదైనా ఒక తేడా కిందే లెక్క. రెండు దాటి ఒప్పుకోదు. బాలసుబ్రహ్మణ్యంలో హెచ్ తీసి, వై ని ఐ చేస్తే సరిగ్గా రెండు. కాబట్టి:

ఆర్టిస్ట్:బాలసుబ్రహ్మణ్యం~2

అంటే ఆ రూపాలు చాలావరకు వలలో పడతాయి. పొడుగు పేర్లకి ఇది అమృతం, పొట్టి పేర్లకి విషం. జిక్కి గారి పేరుకి టిల్డే 1 పెట్టండి, నిక్కీలు, విక్కీలు, రిక్కీలు ప్రపంచం నలుమూలల నుంచీ దిగుతారు. జానకికి పెడితే జనని వస్తుంది. అయిదారు అక్షరాల పేరుకి టిల్డే వద్దు, ఉన్న రూపాలని ఆర్‌తో కలిపి మీరే రాసుకోండి. ఇంకొకటి: కోట్స్‌లో ఉన్న వాక్యం తర్వాత టిల్డే పెడితే అర్థం మారిపోతుంది. అప్పుడది స్పెల్లింగు తేడా కాదు, పదాల మధ్య దూరం. ‘ఈ రెండు మాటలూ దగ్గర దగ్గరగా ఉంటే చాలు’ అని. పల్లవిలో మాటలు గుర్తుండి, మధ్యలో ఏముందో గుర్తులేనప్పుడు పనికొస్తుంది.

జిక్కి గారి దగ్గర ఇంకో చిక్కు. ఆవిడ అసలు పేరు కృష్ణవేణి. అదే కాలంలో సి. కృష్ణవేణి గారున్నారు. మన గోదావరి ప్రాంతపు పంగిడిలో పుట్టి, నటించి, పాడి, 1949లో ‘మనదేశం’ నిర్మించి ఎన్టీఆర్‌ని తెరకి పరిచయం చేసినావిడ. ప్లేటు మీద ఉత్త ‘కృష్ణవేణి’ అని ఉంటే ఎవరు? స్పెల్లింగుతో ఇది తేలదు. ఇక్కడ వాడాల్సింది ఐడీ. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ప్రతి మనిషికీ 36 అక్షరాల ఐడీ ఉంటుంది. ఒక్కసారి ఆర్టిస్ట్ విభాగంలోకి వెళ్లి, అలియాస్ ఫీల్డ్‌తో మారుపేర్లన్నీ వెతికి, పుట్టిన సంవత్సరం, పక్కనున్న చిన్న వివరణ చూసి సరైన మనిషిని పట్టుకోండి. తర్వాత నుంచి పేరు మానేసి ‘ఏ-ఆర్-ఐ-డి’ అనే ఫీల్డ్‌లో ఆ ఐడీ పెట్టండి. స్పెల్లింగు గొడవే ఉండదు. పాట మీద ఏ రూపంలో పేరు అచ్చయినా, దాన్ని ఆ మనిషికి ముడివేసి ఉంటే వచ్చేస్తుంది. నన్నడిగితే ఈ ఎపిసోడ్‌లో ఇది ఒక్కటి పట్టుకెళ్లినా చాలు.

మనుషులకి ఐడీ ఉంది, పల్లవికి లేదు. పల్లవి కష్టం వేరు. ‘త’ని కొందరు టి అని, కొందరు టి-హెచ్ అని రాస్తారు. ‘ద’కి కూడా అంతే. దీర్ఘం ఒకరు రెండు ఏ లు వేస్తారు, ఒకరు వెయ్యరు. దానికితోడు సంధులు. ఇందాక ‘పదాలుగా విరిచి’ అన్నాను కదా. ఇంజిన్ విరిచేది ఖాళీ ఉన్నచోట. ‘కొబ్బరి తోట’ అంటే దానికి రెండు పదాలు, ‘కొబ్బరితోట’ అంటే ఒకటే, వేరే పదం. మనకి రెండూ ఒకటే, ఇష్టమొచ్చినట్టు కలిపి రాస్తాం, విడదీసి రాస్తాం. ఒకటి వెతికితే రెండోది రాదు. దీనికి స్టార్ గుర్తు వాడాలి: ‘కొబ్బరి*’ అంటే కొబ్బరితో మొదలయ్యే పదం ఏదైనా. ఒక్క అక్షరం బదులు ప్రశ్నార్థకం వాడొచ్చు. నా పద్ధతి ఏంటంటే, పల్లవిలో అందరూ ఒకేలా రాసే మాట ఒకటి వెతుక్కుంటాను. త, ద, థ, ధ లేనిది, దీర్ఘాలు తక్కువున్నది. దాని మొదటి నాలుగైదు అక్షరాలు, స్టార్, పక్కన ఏ-ఆర్-ఐ-డి. పూర్తి పల్లవి కొట్టడం కంటే ఇదే ఎక్కువసార్లు పట్టిచ్చింది.

తెలుగు లిపిలో ఎక్కించిన పేర్లకి ఇబ్బందులు వేరే రకం. సున్న బదులు అంకె 0 కొట్టిన పేర్లు నెట్‌లో చాలాచోట్ల చూస్తాం, కంటికి తేడా తెలియదు, యంత్రానికి అది వేరే పదం. పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా ఆపడానికి వాడే కనపడని అక్షరం ఒకటుంది, అదీ అంతే. కాపీ పేస్ట్ చేసి వెతికితే ఏమీ రాకపోతే, ఒకసారి చేత్తో కొట్టి చూడండి.

ప్లేట్ల దగ్గరికొద్దాం. పాత రికార్డు చేతిలో ఉంటే పల్లవి కంటే నమ్మకమైనవి నంబర్లు. లేబుల్ మీద అచ్చయిన క్యాటలాగు నంబరు ప్లేటుది. పాట గీతలు అయిపోయాక లేబుల్ చుట్టూ ఖాళీగా ఉండే నల్ల భాగంలో చెక్కిన నంబరు ఇంకోటి ఉంటుంది, మ్యాట్రిక్స్ నంబరు అంటారు, అది ఆ పక్కనున్న ధ్వనిది. లైటు వాలుగా పడితేనే కనపడుతుంది. కుక్క బొమ్మ లేబుళ్లు చెరిగిపోయినా ఇది చెరగదు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ రిలీజ్‌లో ‘క్యాట్‌నో’ అనే ఫీల్డ్ క్యాటలాగు నంబరుకి. అక్షరానికీ అంకెలకీ మధ్య ఖాళీ పెట్టి, పెట్టకుండా, చుక్క పెట్టి, మూడు విధాలా అడగండి. మ్యాట్రిక్స్ నంబరు సంగతి డిస్కాగ్స్‌లో మెరుగు, అక్కడ దానికి సొంత గడి ఉంది.

నిడివితో వడపోత కూడా ఉంది, ‘డర్’ అనే ఫీల్డ్, మిల్లీసెకన్లలో. మూడు నిమిషాలంటే 180000. 78 ప్లేటు ఒక పక్క పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. పాట పొడుగైతే రెండు పక్కలకీ కోసేవారు, మొదటి భాగం, రెండో భాగం అని. అదే పాట సీడీలో ఒక్క ముక్కగా ఉంటుంది. అందుకని ప్లేటుని గడియారంతో కొలిచి ఆ నిడివి పెడితే, ఉన్న పాట కూడా ‘లేదు’ అని వస్తుంది. రెండు పక్కలూ కలిపిన నిడివితోనూ అడగాలి. ఈ ఒక్క కారణంతోనే కొన్ని ప్లేట్లు ‘దొరకనివి’ పక్క నుంచి ‘దొరికినవి’ పక్కకి మారాయి.

మూడు పెట్టెలు చేత్తో వెతకలేం కాబట్టి పెద్దాయన రిజిస్టరుని ఎక్సెల్‌లో ఎక్కించి చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఏపీఐ ఉచితం, కీ అక్కర్లేదు. రెండు మర్యాదలు పాటించాలి: సెకనుకి ఒక్క ప్రశ్న మించకూడదు, యూజర్ ఏజెంట్‌లో మీ ప్రోగ్రాం పేరు, మిమ్మల్ని పట్టుకునే చిరునామా ఉండాలి. ఒక్కో ప్రశ్నకి మామూలుగా 25 ఫలితాలిస్తుంది, లిమిట్ పెంచితే 100 వరకు, ఆపైన ఆఫ్‌సెట్ వాడి పేజీలు తిప్పుకోవాలి. స్క్రిప్ట్ ప్రతి ప్లేటుకి వరసగా అడుగుతుంది: ముందు క్యాటలాగు నంబరు, లేకపోతే ఏ-ఆర్-ఐ-డి తో పల్లవి ముక్క, లేకపోతే సినిమా పేరు స్టార్‌తో, చివరికి టిల్డేతో. గట్టి ప్రశ్న నుంచి వదులు ప్రశ్నకి. ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది.

ఫలితంతోపాటు స్కోరు వస్తుంది, 100కి. స్క్రిప్ట్ రాసేవాళ్లు దీన్ని పరీక్ష మార్కు అనుకోవద్దు. ఆ జాబితాలో పైనున్నదానికి దాదాపు ఎప్పుడూ 100 ఉంటుంది, మిగతావి దానితో పోల్చి. అందరిలో నయం అని దాని అర్థం, సరైనదని కాదు. నేను 100 వచ్చిన వాటిని కూడా గాయకుడు, సినిమా రెండూ సరిపోతేనే ‘దొరికింది’ కింద వేశాను. మిగతావన్నీ మనిషి చూడాలి. ఆయ్, ఆ మనిషి మన పెద్దాయనే. సాయంత్రాలు ఒక్కోటీ చదివి ‘ఇది అదే బాబూ’, ‘ఇది కాదు, ఆ తమిళ్‌ది’ అని తేల్చేవారు.

దొరికినవాటిలో ఇంకో ప్రశ్న: వీటి ఆడియో నెట్‌లో పెట్టొచ్చా? ఇక్కడ రిలీజ్ సంవత్సరం తప్పయితే ఇబ్బందే. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి హక్కు, విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన ప్లేటు ధ్వనికి 2017 డిసెంబరు 31తో గడువు తీరింది. సీడీ తేదీని పాట తేదీ అనుకుంటే ఈ లెక్క మొత్తం తలకిందులు. కానీ సాహిత్యం, బాణీల లెక్క వేరు, వాటి రచయిత మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. పింగళి గారు 1971లో, ఘంటసాల గారు 1974లో పోయారు. అంటే ఆ పాటల సాహిత్యానికి 2031 చివరి వరకు, ఘంటసాల గారి బాణీలకి 2034 చివరి వరకు హక్కుంది. ధ్వనికి గడువు తీరినా పాటకి తీరలేదు. నేను లాయర్‌ని కాదు, పెట్టేముందు తెలిసినవాళ్లని అడగండి. మేం మటుకు ఆడియో పెట్టలేదు. ఇంట్లో ఉంచుకోవడానికి కాపీ తీయించి, సమాచారం ఒక్కటే ఎక్కించాం.

అన్ని రకాలుగా అడిగాక కూడా మిగిలిపోయినవాటిని రెండు డేటాబేస్‌లలోనూ లేవు అని ధైర్యంగా చెప్పొచ్చు. ప్రపంచంలోనే లేవు అని కాదు, ఈ రెండింటిలో లేవు అని. ఆ ప్లేట్లు వేరే పెట్టెలో సర్దాం, మధ్యలో పాత పంచె ముక్కలు వేసి, నిలువుగా. పడుకోబెట్టి దొంతర పెడితే బరువుకి కిందవి పగులుతాయి. ఒక్కోటీ మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో కొత్త రిలీజ్‌గా ఎక్కిస్తున్నాను. లేబుల్ ఫోటోలు కవర్ ఆర్ట్ ఆర్కైవ్‌లోకి వెళ్తాయి, అది ఇంటర్నెట్ ఆర్కైవ్‌తో కలిసి నడిపేది. రేపు ఇంకెవరైనా అదే నంబరు కొడితే ఖాళీ పేజీ రాదు.

ఒక ప్లేటు మాత్రం తేలలేదు. లేబుల్ రెండు వైపులా పురుగు తినేసింది. రిజిస్టరులో ఆ వరసలో పెట్టె నంబరు, ‘తెల్లారగట్ల’ అన్న మాట మాత్రం ఉన్నాయి. ముల్లు పెట్టి వింటే ఆడ గొంతు, హార్మోనియం, పద్యం. ఎవరో పెద్దాయనకి గుర్తు లేదు. ఎవరి దగ్గర కొన్నారో కూడా గుర్తు లేదు. గొంతు తెలియనప్పుడు ఆర్టిస్ట్ దగ్గర పెట్టడానికి మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ‘అన్‌నోన్’ అని ప్రత్యేకంగా ఒక పేరుంది, అదే పెట్టి చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు, ఫోటో ఎక్కించాను. ఆ నంబరు ఇప్పుడు తెర మీద ఉంది. మీ ఇంట్లో అటక మీద పాత ప్లేట్లు ఉంటే ఒకటి రెండు దించి, దీపం వాలుగా పెట్టి, నల్ల భాగంలో చూడండి. దానికి దగ్గర నంబరు ఏదైనా కనిపించి, ఆ ప్లేటుకి లేబుల్ మిగిలి ఉంటే, ఆ లేబుల్ ఫోటో నాకు పంపండి.